రంగు పెన్సిలుతో మొదలయ్యే పండుగ ముగ్గు

నెల పట్టారంటే పల్లెల్లో ప్రతి ఇంటి ముంగిటా కళ్లాపి చల్లి ముగ్గు పెట్టడం తరతరాలుగా వస్తున్న ఆచారం. డిసెంబరు 16 ప్రాంతంలో ధనుర్మాసం ప్రవేశించింది మొదలు కనుమ నాటి రథం ముగ్గు వరకు ఆడవారికి తెల్లవారుజామున తీరిక ఉండదు. భోగి, సంక్రాంతి రోజుల్లో పెట్టే పెద్ద పువ్వుల ముగ్గులకు రంగులు కూడా అద్దుతారు. ఈ రంగుల పని నిజానికి వీధిలో కాక, రాత్రి భోజనాలయ్యాక దీపం దగ్గర ముగ్గుల పుస్తకంలో మొదలవుతుంది. అందుకు కావలసినది పిల్లల బడిసంచిలోని రంగు పెన్సిళ్ల పెట్టె మాత్రమే.

ముందుగా కాగితం మీద ఎందుకు?

మంచు కురిసే వేళ, చలిలో, వాకిట్లో కూర్చుని ఏ రేకకు ఏ రంగు వేయాలా అని ఆలోచిస్తే పని సాగదు. సగం పువ్వు నింపేసరికి ఎరుపు అయిపోతే, మిగిలిన సగం మరో రంగుతో సరిపెట్టవలసి వస్తుంది. చూసేవారికి అది వెంటనే పట్టుబడుతుంది. అదే పువ్వును ముందురోజు కాగితంపై దిద్దుకున్నవారికి ఈ తడబాటు ఉండదు.

కొత్తగా నేర్చుకునేవారికి 7 చుక్కలతో మొదలుపెట్టి 4 వచ్చేవరకు పెట్టే సందు చుక్కల ముగ్గు అనువైనది. నడిమి వరుసలో 7, దానికి పైన, కింద 6, 5, 4 చొప్పున పెడితే మొత్తం 37 చుక్కలవుతాయి. నట్టనడుమ ఒక చుక్క, దాని చుట్టూ 6, ఆపైన 12, చివర 18 చుక్కలు వరుసగా చుట్టూ అమరుతాయి. నడిమి చుక్క నుంచి బయలుదేరి, మొదటి చుట్టులోని ఒక్కొక్క చుక్కను కడుపులో పెట్టుకుని, రెండో చుట్టు మూలనున్న చుక్క వరకు గీస్తే ఆరు రేకుల పువ్వు సిద్ధమవుతుంది. రెండో చుట్టులో మిగిలిన ఆరు చుక్కల వద్దకు ఆకులు, చివరి 18 చుక్కల మీద మొగ్గలు గీయవచ్చు. లెక్కలు రావని బడిలో దెబ్బలు తిన్న పిల్ల కూడా ఈ లెక్క తప్పకపోవడం విశేషం.

పెన్సిలు పట్టే తీరు

మామూలు పెన్సిలు ములుకును బంకమన్నుతో కలిపి కాలుస్తారు. రంగు పెన్సిలు ములుకులో రంగుపొడితో పాటు మైనం, తెల్లమట్టి, జిగురు ఉంటాయి. మైనం వల్లనే గట్టిగా రుద్దిన రంగు రబ్బరుతో పూర్తిగా పోదు. కనుక మొదట తేలికగా దిద్ది, నచ్చాక రెండోసారి ఒత్తి దిద్దాలి. లేత రంగులు ముందు, ముదురు రంగులు తర్వాత వేయాలి. పసుపు మీద ఎరుపు తేలికగా రుద్దితే నారింజ, పసుపు మీద నీలం రుద్దితే ఆకుపచ్చ వస్తాయి. ఆరు పెన్సిళ్లే ఉన్నా పది రంగులు రాబట్టవచ్చు.

ఒక రేకను పూర్తిగా ముగించి రెండోదానికి పోవడం కంటే, ఒకే రంగును ఆరు రేకలకూ వరుసగా వేసి, ఆ తర్వాతే రెండో రంగు పట్టుకోవడం మేలు. అప్పుడు రేకలన్నీ ఒకే తీరున వస్తాయి. నడుమ నుంచి అంచుకు దిద్దుతూ, చేతి కింద చిన్న కాగితం ముక్క ఉంచుకుంటే రంగు అలుక్కోదు. పెన్సిళ్లను కింద పడేస్తే లోపలి ములుకు ముక్కలై, చెక్కిన ప్రతిసారీ ఊడిపోతుంది.

కాగితం తెలుపు, నేల నలుపు

చాలామంది పొరపాటు పడేది ఇక్కడే. కాగితం తెల్లన, కళ్లాపి చల్లిన నేల ముదురు రంగు. కాగితం మీద నిండుగా కనిపించిన ముదురు నీలం, ముదురు ఆకుపచ్చ నేల మీద కలిసిపోతాయి. కాగితం మీద వెలవెలబోయిన పసుపు నేల మీద మెరుస్తుంది. కాబట్టి పువ్వు చుట్టూ ఉన్న ఖాళీని ముందుగా గోధుమరంగు పెన్సిలుతో రుద్ది, ఆ తర్వాత రేకలకు రంగులు ఎంచుకుంటే వాకిట్లో ఎలా ఉంటుందో సుమారుగా తెలిసిపోతుంది. కాగితంపై తెలుపు కోసం ఖాళీ వదిలిన చోట నేల మీద ముగ్గుపిండి నింపాలన్నది మరువరాదు. పెన్సిలును తేలికగా రుద్దిన చోట, రంగుపొడిలో తెల్లపిండి ఎక్కువ కలపాలి.

నేల మీద చుక్కకూ చుక్కకూ జానెడు ఎడం ఉంచితే 7 చుక్కల వరుస ఆరు జానలు, అంటే సుమారు నాలుగున్నర అడుగులు వస్తుంది. ఒక రేకకు ఎన్ని గుప్పెళ్ల రంగు పట్టిందో చూసి, దానికి ఆరింతలు ముందే కలిపి ఉంచుకుంటే నడుమలో కొరత పడదు.

పోతున్న ముగ్గులు

ఈ పనిలో అసలు ప్రయోజనం మరొకటి ఉంది. ఊళ్లో పెద్ద ముత్తైదువులకు తెలిసిన ముగ్గుల్లో చాలా భాగం వారి వేళ్లలోనే ఉన్నాయి, ఎక్కడా రాసి లేవు. పుట్టింటి నుంచి అత్తింటికి పసుపు కుంకుమలతో పాటు తెచ్చుకున్న ముగ్గులు, వారితోనే వెళ్లిపోతున్నాయి. సెల్‌ఫోనులో తీసిన ఫొటోలో ముగ్గు కనిపిస్తుందే కాని, ఏ చుక్క ముందు, ఏ గీత తర్వాత అన్నది తెలియదు. ఫోను పాడైతే అదీ ఉండదు. వాకిట్లోకి సిమెంటు రోడ్లు వచ్చిన వీధుల్లో పెద్ద ముగ్గుకు చోటే కరువైంది.

నాయనమ్మ చెబుతుంటే మనుమరాలు చుక్కలు పెట్టి, గీత గీసి, రంగు దిద్దిన పుస్తకం ఇంట్లో ఉంటే ఆ ముగ్గు నిలుస్తుంది. సిరాతో, స్కెచ్ పెన్నుతో వేసినవి తడి తగిలితే పాకిపోతాయి. మైనం ఉన్న మామూలు రంగు పెన్సిలు గీత చెదరదు. పక్కనే చుక్కల లెక్క, ముగ్గు పేరు, ఎవరు నేర్పారు అన్న మూడు మాటలు రాసి ఉంచితే మరీ మంచిది. గీతల పుస్తకం కన్నా గీతలు లేని తెల్లకాగితాల పుస్తకం ఇందుకు బాగుంటుంది. మగపిల్లలకు ఈ పని తగదన్న నియమమేమీ లేదు. రాబోయే పండుగకు ఇంటింటా ఒక పెద్దావిడ దగ్గర ఒక్క పిల్ల, లేదా పిల్లవాడు, పుస్తకం పట్టుకుని కూర్చుంటే, ఊరి ముగ్గులు ఊళ్లోనే మిగులుతాయి.