హాలు దాటగానే తట్టే తప్పు

గేట్ పరీక్షలో ఇలాంటి లెక్క వచ్చిందనుకోండి. 20 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న కడ్డీని 31.4 కిలోన్యూటన్ల బలంతో లాగుతున్నారు, అందులో స్ట్రెస్ ఎంత? బలాన్ని వైశాల్యంతో భాగిస్తే సుమారు 100 మెగాపాస్కల్స్. మెకానికల్, సివిల్ వాళ్లకు ఇది ఓనమాలతో సమానం. కానీ హడావిడిలో వ్యాసాన్నే వ్యాసార్ధంగా వేస్తే వైశాల్యం నాలుగింతలై, జవాబు 25కి పడిపోతుంది. ఆప్షన్లలో 25 కూడా ఉందంటే ఇక అనుమానమే రాదు. నొక్కేసి ముందుకు వెళ్లిపోతాం. పరీక్షయ్యాక బయట బ్యాగు తీసుకుంటుంటే తడుతుంది: "అయ్యో, రెండుతో భాగించలేదే!"

ప్రశ్న కళ్లెదుట ఉన్నంతసేపూ కనబడని తప్పు, అది కనుమరుగయ్యాక ఎలా కనబడింది?

గేట్‌లో 180 నిమిషాలకు 65 ప్రశ్నలు. ఒక్కోదానికి మూడు నిమిషాలైనా దక్కవు. లెక్క చేస్తున్నప్పుడు సూత్రం, యూనిట్లు, మధ్యలో వచ్చిన విలువలు అన్నీ వర్కింగ్ మెమరీలో ఉండాలి. అది చాలా ఇరుకైన చోటు. ఒకేసారి నాలుగైదు విషయాలకు మించి పట్టవు. గడియారం మీద బెంగ, నెగెటివ్ మార్కుల భయం కూడా అందులోనే దూరతాయి. పైగా ఒత్తిడి హద్దు మీరితే మెదడులో నారడ్రినలిన్, డోపమిన్ మోతాదు పెరిగి ప్రీఫ్రంటల్ కార్టెక్స్ పనితీరు మందగిస్తుంది. చేసిన పనిని సరిచూసుకోవడంలో ముఖ్యపాత్ర ఆ భాగానిదే. బాగా అలవాటైన పని మాత్రం సాగిపోతుంది. అందుకే సూత్రం గుర్తొస్తుంది, సరిచూపు తప్పిపోతుంది.

మళ్లీ చదివినా దొరకకపోవడానికి ఇంకో కారణం ఉంది. 2008లో బిలాలిచ్, మెక్‌లియోడ్, గోబె అనే పరిశోధకులు అనుభవజ్ఞులైన చదరంగం ఆటగాళ్ల కంటి కదలికలను యంత్రంతో గమనించారు. బాగా తెలిసిన ఎత్తు ఒకటి కనబడ్డాక, అంతకంటే మంచి ఎత్తు కోసం వెతుకుతున్నామని ఆటగాళ్లు చెప్పారు. వాళ్ల కళ్లు మాత్రం మొదటి ఎత్తుకు సంబంధించిన గళ్ల చుట్టూనే తిరిగాయి. పరీక్షలోనూ అంతే. నడిచిన దారినే మళ్లీ నడిస్తే పడిన గోతిలోనే పడతాం. హాలు దాటాక ఆ దారి చెదురుతుంది, భయం తగ్గి మెదడులో చోటు ఖాళీ అవుతుంది. తప్పు బయటపడుతుంది.

ఒక మాట గమనించాలి. బయటికొచ్చాక తప్పులే తడతాయి. ఒప్పుగా చేసినవి వచ్చి తలుపు తట్టవు. అందుకే పేపరంతా పోయిందనిపించినా, ఆ అంచనాను నమ్మలేం.

మానవ తప్పిదాలను అధ్యయనం చేసిన జేమ్స్ రీజన్ వాటిని రెండుగా విడదీశాడు. దారి సరైనదే అయినా అడుగు తడబడటం ఒకటి, దారే తప్పడం మరొకటి. వ్యాసార్ధం పొరపాటు మొదటి రకం. దానికి పాఠం పదిసార్లు చదవడం మందు కాదు. సరిచూసే పద్ధతి మార్చాలి. వచ్చిన జవాబును వెనక్కి వేసి చూడండి. 25 మెగాపాస్కల్స్‌ను అసలు వైశాల్యంతో గుణిస్తే 31.4 కిలోన్యూటన్లు వస్తుందా? రాదు, 7.85 వస్తుంది. అనుమానం ఉన్న ప్రశ్నను గుర్తుపెట్టుకుని, పది ప్రశ్నల తర్వాత మళ్లీ చూడండి.

కారణం దొరికితే జవాబు మార్చడానికి వెనకాడకండి. మొదట తట్టిందే ఒప్పన్నది నమ్మకమే తప్ప నిజం కాదు. 2005లో అమెరికాలో 1,500 మందికి పైగా విద్యార్థుల జవాబు పత్రాలు పరిశీలిస్తే, మార్చిన జవాబుల్లో 51 శాతం తప్పు నుంచి ఒప్పుకు మారాయి. ఒప్పు నుంచి తప్పుకు మారినవి 25 శాతమే.

ఇక బయట తట్టిన తప్పును ఆ సాయంత్రమే నోటుబుక్కులో రాసిపెట్టుకోండి. "వ్యాసమా, వ్యాసార్ధమా?" అన్న ఒక్క ముక్క చాలు. తర్వాతి మాక్ టెస్టుకు కూర్చునే ముందు చదవాల్సింది అదే.