రీస్టార్ట్ నొక్కే ముందు.. లోపల ఎవరున్నారు?

కొత్తగా ఉద్యోగంలో చేరారనుకోండి. సాయంత్రం ఆరున్నర. ఆఫీసులో అందరూ వాడే మైక్రోసాఫ్ట్ యాక్సెస్ డేటాబేస్‌ను ‘కంపాక్ట్ అండ్ రిపేర్’ చేయమన్నారు. తీరా చూస్తే ఫైల్‌ను ఇంకెవరో వాడుతున్నారని మెసేజ్ వచ్చింది. అప్పుడేం చేస్తారు?

నా మొదటి ఉద్యోగంలో నేను చేసిన పని చెబుతా. ఫైల్ ఉన్న కంప్యూటర్‌నే రీస్టార్ట్ చేసేశా! అదే సమయంలో పై అంతస్తులో అకౌంట్స్ మేడం బిల్లులు ఎంటర్ చేస్తున్నారు. ఫైల్ పాడైంది. ముందురోజు బ్యాకప్ ఉంది కాబట్టి బతికిపోయాం. కానీ ఆ రోజు బిల్లులన్నీ ఆవిడ మళ్లీ కొట్టాల్సి వచ్చింది. నన్ను తిట్టినా బాగుండేది. ఏమీ అనలేదు.

ఒక్క ఫోన్ చేసుంటే సరిపోయేది. ఎవరికి చేయాలో తెలియకే ఆ పని చేశా. తెలుసుకునే దారులు మూడున్నాయి.

లాక్ ఫైల్: డేటాబేస్‌ను పంచుకుని వాడుతున్నప్పుడు అదే ఫోల్డర్‌లో, అదే పేరుతో ఇంకో చిన్న ఫైల్ పుడుతుంది. ఏసీసీడీబీ ఫైల్‌కైతే దాని ఎక్స్‌టెన్షన్ ఎల్ఏసీసీడీబీ. పాత ఎండీబీకైతే ఎల్‌డీబీ. నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే కంప్యూటర్ల పేర్లు కనిపిస్తాయి. ఒక్కొక్కరికి 64 బైట్లు: 32 కంప్యూటర్ పేరుకు, 32 లాగిన్ పేరుకు. లాగిన్ మాత్రం సాధారణంగా అందరికీ ‘అడ్మిన్’ అనే ఉంటుంది. కాబట్టి ఏ కంప్యూటర్ ఎవరిదో ముందే రాసి పెట్టుకోండి.

ఇందులో ఒక చిక్కుంది. ఇది అపార్ట్‌మెంట్ గేటు దగ్గరి విజిటర్స్ రిజిస్టర్ లాంటిది. వచ్చినవాళ్ల పేరు ఉంటుంది, వెళ్లిపోయినా కొట్టేయరు. చివరి మనిషి కూడా మూసేశాకే ఆ ఫైల్ మాయమవుతుంది.

యూజర్ రోస్టర్: ఇప్పుడు నిజంగా ఎవరున్నారో కావాలంటే వీబీఏలో ఏడీవో ‘ఓపెన్‌స్కీమా’ వాడి ఈ జాబితా తెప్పించుకోవచ్చు. కంప్యూటర్ పేరు, లాగిన్ పేరుతో పాటు ‘కనెక్టెడ్’ అనే కాలమ్ వస్తుంది. అక్కడ ‘ట్రూ’ ఉంటే ఆ మనిషి ఇంకా లోపలే ఉన్నట్టు. ‘సస్పెక్ట్ స్టేట్’ అనే కాలమ్ కూడా చూడండి. డేటాబేస్‌ను అనుమానాస్పద స్థితిలో వదిలి వెళ్లినవాళ్లెవరో అది చెబుతుంది.

ఓపెన్ ఫైల్స్: ఫైల్ ఉన్న విండోస్ కంప్యూటర్‌లో అడ్మిన్ హక్కులుంటే, కంప్యూటర్ మేనేజ్‌మెంట్‌లో షేర్డ్ ఫోల్డర్స్ కింద ‘ఓపెన్ ఫైల్స్’ చూడండి. ఫైల్‌ను తెరిచినవాళ్ల విండోస్ లాగిన్ పేరే దొరుకుతుంది. అక్కడి నుంచే కనెక్షన్ తెంపే వీలూ ఉంది. తొందరపడి తెంపారో, నా కథే మళ్లీ!

ఇంటర్వ్యూలో ‘ఫైల్ లాక్ అయింది, ఏం చేస్తావ్?’ అని అడిగితే రీస్టార్ట్ అనకండి. ‘ముందు లోపల ఎవరున్నారో చూస్తా. వాళ్లకు ఫోన్ చేసి, సేవ్ చేసుకుని బయటికి రమ్మంటా. బ్యాకప్ తీశాకే ఫైల్ ముట్టుకుంటా’ అనండి. నాకు ఆలస్యంగా తెలిసిన జవాబు ఇదే.