కెమెరాకి ఏ మెమరీ కార్డ్ కొనాలి? కార్డ్ మీద గుర్తులు ఇలా చదవండి

వేలకి వేలు పెట్టి కెమెరా కొంటాం. కార్డ్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం "128జీబీ ఉంది కదా, చాలు" అనుకుని ఏది తక్కువకి దొరికితే అది తీసేసుకుంటాం. తీరా పెళ్లిలో తలంబ్రాల టైంకి రికార్డింగ్ మధ్యలో ఆగిపోతే మళ్లీ తీయలేం. అందుకే కొనే ముందు కార్డ్ మీద ఉన్న గుర్తులకి అర్థం తెలుసుకోండి.

ఎస్‌డీ, ఎస్‌డీహెచ్‌సీ, ఎస్‌డీఎక్స్‌సీ

ఈ మూడూ చూడటానికి ఒకేలా ఉంటాయి. తేడా కెపాసిటీలో, ఫైల్ సిస్టమ్‌లో ఉంటుంది.

• ఎస్‌డీ: 2జీబీ వరకు
• ఎస్‌డీహెచ్‌సీ: 2జీబీ పైన, 32జీబీ వరకు (ఫ్యాట్32)
• ఎస్‌డీఎక్స్‌సీ: 32జీబీ పైన, 2టీబీ వరకు (ఎక్స్‌ఫ్యాట్)

కొత్త కెమెరాలో పాత రకం కార్డ్ పనిచేస్తుంది, కానీ పాత కెమెరా కొత్త రకం కార్డ్‌ని గుర్తించకపోవచ్చు. ఎస్‌డీఎక్స్‌సీ వచ్చిందే 2009లో. ఇప్పుడు మళ్లీ ట్రెండ్ అవుతున్న అంతకుముందటి డిజికామ్‌లలో 64జీబీ కార్డ్ పెడితే ఎర్రర్ వచ్చేది ఇందుకే. ఇంకా పాతవైతే 2జీబీ దాటి తీసుకోవు.

ఫ్యాట్32లో ఒక్క ఫైల్ 4జీబీ దాటకూడదు. అందుకే 32జీబీ కార్డ్‌లో పెద్ద వీడియో ముక్కలుగా సేవ్ అవుతుంది. అది కార్డ్ పాడైందని కాదు.

అసలు చూడాల్సిన స్పీడ్ ఏది?

కార్డ్ మీద పెద్ద అక్షరాల్లో ఉండే నంబర్ సాధారణంగా రీడ్ స్పీడ్. అంటే ల్యాప్‌టాప్‌లోకి కాపీ చేసేటప్పుడు ఉపయోగపడేది. వీడియోకి కావాల్సింది ఎప్పుడూ తగ్గకుండా ఉండే కనీస రైట్ స్పీడ్. దాన్ని ఈ గుర్తులు చెప్తాయి:

• సీ10, యూ1, వీ10: సెకనుకి 10 ఎంబీ
• యూ3, వీ30: 30 ఎంబీ
• వీ60: 60 ఎంబీ
• వీ90: 90 ఎంబీ

ఇక్కడే చాలామంది కన్ఫ్యూజ్ అవుతారు. కెమెరా స్పెక్స్‌లో బిట్‌రేట్ మెగాబిట్లలో, కార్డ్ మీద స్పీడ్ మెగాబైట్లలో ఉంటుంది. కాబట్టి బిట్‌రేట్‌ని 8తో భాగించాలి. సోనీ జెడ్‌వీ-ఈ10లో 4కే వీడియో గరిష్ఠంగా 100 మెగాబిట్లు, అంటే సెకనుకి 12.5 ఎంబీ. దీనికి వీ30 హాయిగా సరిపోతుంది, వీ90కి డబ్బు పోయడం దండగ. అదే 400 మెగాబిట్ల మోడ్ ఉన్న కెమెరా అయితే 50 ఎంబీ కావాలి, అప్పుడు వీ60 తీసుకోండి.

మైక్రోఎస్‌డీల మీద ఉండే ఏ1, ఏ2 గుర్తులు ఫోన్‌లో యాప్స్ నడపడానికి సంబంధించినవి. కెమెరా కోసం వాటిని పట్టించుకోనక్కర్లేదు.

యూహెచ్‌ఎస్-1 vs యూహెచ్‌ఎస్-2

కార్డ్ వెనక పిన్స్ రెండు వరుసలు ఉంటే అది యూహెచ్‌ఎస్-2. దీని గరిష్ఠ బస్ స్పీడ్ సెకనుకి 312 ఎంబీ, యూహెచ్‌ఎస్-1ది 104 ఎంబీ. కెనాన్ ఆర్50 లాంటి యూహెచ్‌ఎస్-1 స్లాట్‌లో యూహెచ్‌ఎస్-2 కార్డ్ పెట్టినా పనిచేస్తుంది, కానీ యూహెచ్‌ఎస్-1 స్పీడ్‌తోనే.

స్లాట్ కూడా యూహెచ్‌ఎస్-2 అయితే తేడా బర్స్ట్ షాట్స్‌లో తెలుస్తుంది. ఒక్కో రా ఫైల్ 25 ఎంబీ అనుకుంటే, సెకనుకి 10 షాట్స్ అంటే 250 ఎంబీ. కార్డ్ అంత వేగంగా రాయలేకపోతే బఫర్ నిండిపోయి కెమెరా నెమ్మదిస్తుంది.

సీఎఫ్‌ఎక్స్‌ప్రెస్ సంగతి వేరు. ఆకారమే వేరు కాబట్టి ఎస్‌డీ స్లాట్‌లో పట్టదు. ఇందులోనూ సోనీ ఏ7 4 వాడే టైప్ ఏ, కెనాన్ ఆర్5 వాడే టైప్ బీ ఒకదాని బదులు ఒకటి పనిచేయవు.

కొన్న వెంటనే ఇవి చేయండి

1. నకిలీ కార్డులు 512జీబీ అని చూపించినా లోపల అంత ఉండదు, నిండాక ఫైల్స్ పోతాయి. రిటర్న్ గడువు లోపే హెచ్2టెస్ట్‌డబ్ల్యూ లేదా ఎఫ్3 టూల్‌తో మొత్తం నింపి చెక్ చేయండి.
2. కంప్యూటర్‌లో కాకుండా కెమెరాలోనే ఫార్మాట్ చేయండి.
3. ముఖ్యమైన షూట్‌కి ఒకే 256జీబీ కార్డ్ కంటే రెండు 128జీబీ కార్డులు మేలు. ఒకటి పోయినా సగం మిగులుతుంది.