తెర చాటున కుదిరిన పెళ్లి

హుస్సేనీ ఆలం, మీర్ ఆలం మండీ దేవిడీల్లో పర్దా కట్టుదిట్టంగా సాగిన రోజులవి. అలాంటి కాలంలో షియా ప్రముఖుడు బాకర్ అలీ ఖాన్ మనవరాలు ఖైరున్నిసా ఒక ఇంగ్లీషు దొరను మెచ్చింది.

ఆ దొర జేమ్స్ అకిలీస్ కిర్క్‌పాట్రిక్, నిజాం దర్బారులో ఈస్టిండియా కంపెనీ రెసిడెంటు. ఆమె అతన్ని తన సోదరి పెళ్లిలో తెర చాటు నుంచి చూసిందట. అప్పటికే ఆమెకు వేరే సంబంధం ఖాయమైంది. దొర పిల్లను పాడుచేశాడని పుకార్లు లేచి కంపెనీ విచారణ దాకా వెళ్లాయి గానీ, అసలు చొరవ జనానాదే. తల్లి షరఫున్నిసా, అమ్మమ్మ ఇద్దరూ పిల్ల పక్షమే. ఆడవాళ్లకు నోరు లేదనుకునే మనకు ఇది కాస్త మింగుడుపడదు.

దొర ఇస్లాం పుచ్చుకున్నాడు. 1800 చివర్లో నిఖా గుట్టుగా జరిగింది. 

కోఠీలో కొత్త రెసిడెన్సీ కట్టిస్తూ బేగం కోసం రంగ్‌మహల్ వేయించాడు. పర్దాలో ఉన్న బేగం భవనం ముందువైపు వచ్చి చూడలేదు కదా, అందుకే తోటలో దాని బుల్లి నమూనా కట్టించాడని చెబుతారు. ఇప్పుడు మహిళా విశ్వవిద్యాలయంగా ఉన్న ఆ రెసిడెన్సీ ఆవరణలో ఆ నమూనా నేటికీ ఉంది.

సుఖం ఎన్నాళ్లో నిలవలేదు. మిశ్రమ సంతానానికి కంపెనీ కొలువులు 1791లోనే మూతపడ్డాయి. 1805లో నాలుగేళ్ల సాహెబ్ ఆలంను, మూడేళ్ల నూరున్నిసాను ఇంగ్లండు ఓడ ఎక్కించారు. అక్కడ వాళ్లు విలియం, కిట్టీ అయ్యారు. వాళ్లు వెళ్లిన కొద్ది వారాలకే తండ్రి కలకత్తాలో చనిపోయాడు. తల్లి మళ్లీ పిల్లల ముఖం చూడలేదు. తర్వాత ఆమెకు దగ్గరైన, కిర్క్‌పాట్రిక్ సహాయకుడు హెన్రీ రస్సెల్ ఆమెను మచిలీపట్నంలో వదిలి, మద్రాసులో వేరొకరిని పెళ్లాడాడు. 1813లో, ముప్పై నిండకుండానే ఆమె కన్నుమూసింది.

ఓడ ఎక్కేముందు పిల్లలిద్దరినీ చిత్రకారుడు చినరీ మద్రాసులో చిత్రించాడు. ఏళ్ల తర్వాత ఇంగ్లండులో రస్సెల్ ఇంటికి వెళ్లిన కిట్టీకి గోడ మీద ఆ చిత్రమే కనిపించింది. అక్కడే ఏడ్చేసింది. 1841లో ఆచూకీ దొరికి అమ్మమ్మ షరఫున్నిసాకు ఇంగ్లీషులో ఉత్తరం రాసింది. ముసలావిడ పారసీలో జవాబిచ్చింది. 1847లో ఆవిడ పోయేదాకా ఆ ఉత్తరాలు నడిచాయి.