పాత మోటారు సైకిలు కొనుటకు ముందు

ఎన్.టి.ఆర్. జిల్లా తిరువూరు డివిజనులోని గంపలగూడెము మండలము రాష్ట్రమునకు సరిహద్దున ఉన్నది. ఇచటి వారు మధిరకును, ఖమ్మమునకును పనులపై పోయి వచ్చుట నిత్యకృత్యము. ఇది ఆంధ్రప్రదేశ్, అది తెలంగాణ అను భేదము చుట్టరికములకును, సంతలకును అంతగా పట్టదు. మోటారు సైకిలునకు మాత్రము పట్టును. 2014 జూన్ 2వ తేదీ నుండి రాష్ట్రములు రెండు, రవాణా శాఖలు రెండు, వాహనముల రిజిస్టర్లును రెండు. పాత బండి చవుకగా దొరకినదని సంతోషించువారు తరచుగా మరచునది ఈ సంగతియే.

గ్రామములలో బండి బేరము కుదిరిన పిమ్మట సాక్షి సంతకమునకై పంచాయతీ సభ్యుని యింటికి వచ్చుట వాడుక. సంతకము చేయుటకు ముందు నాలుగు ప్రశ్నలడుగు సభ్యుడు ఉభయ పక్షములకును మేలు చేసినవాడగును. అందుచే ఈ విషయమును కొంత వివరముగా తెలుపుచున్నాము.

మొదట నంబరు పలకను చూడవలెను. ఏ.పి. 16 పూర్వపు కృష్ణా జిల్లా సంఖ్య. ఏ.పి. 20 ఖమ్మము జిల్లాది. ఏ.పి. అను అక్షరములు కనబడినంతనే "మన రాష్ట్రపు బండియే కదా" అని అనుకొనరాదు. ఏ.పి. 20 సంఖ్యగల బండ్లలో పెక్కు నేడు తెలంగాణ రిజిస్టరులో నున్నవి. విభజన తరువాత ఖమ్మములో రిజిస్టరైన వానికి టి.ఎస్. 04 అనియు, 2024 మార్చి నుండి కొత్త వానికి టి.జి. అనియు అక్షరములు వచ్చినవి. మన రాష్ట్రమున 2019 ఆరంభము నుండి జిల్లాల వారీ సంఖ్యలను విడిచి, ఏ.పి. 39తో మొదలు పెట్టి రాష్ట్రమంతటికిని ఒకే వరుసలో నంబర్లిచ్చుచున్నారు.

పొరుగు రాష్ట్రపు బండిని కొన్నచో, అచటి రవాణా కార్యాలయము నుండి 28వ నంబరు ఫారముపై నిరభ్యంతర పత్రమును అమ్మువాడు తెచ్చి యీయవలెను. అది లేనిదే ఇచట పేరు మారదు, కొత్త నంబరు రాదు. 2014 తరువాత తెలంగాణలో రిజిస్టరైన బండికి అచట చెల్లించిన జీవిత పన్ను ఇచట చెల్లదు. బండి వయస్సును బట్టి మరల చెల్లింపవలసి యుండును. ఆ మొత్తమెంతయో కార్యాలయమున ముందుగా కనుగొని, బేరపు ధరకు కలిపి చూచుకొనవలెను. అట్లు కలిపి చూచినపుడు చవుక బండ్లు కొన్ని చవుకగా కనబడవు.

మన గ్రామస్థులు సీ-బుక్కు అని పిలుచు రిజిస్ట్రేషను పత్రమును తరువాత పరిశీలింపవలెను. అందులోని ఇంజను నంబరును, ఛాసిస్ నంబరును బండిపై చెక్కియున్న అంకెలతో ఒక్కొక్క అక్షరముగా పోల్చవలెను. మట్టి, గ్రీజు ఉన్నచో గుడ్డతో తుడిచి చదువవలెను. అంకెలను గీకి మరల కొట్టిన జాడలున్నచో, ఆ చోట మాత్రము కొత్త రంగు వేసియున్నచో, బేరమును అంతటితో విడువవలెను. దొంగ సొత్తని తెలిసియో, తెలిసికొన తగిన కారణముండియో కొనుట భారతీయ న్యాయ సంహిత 317వ సెక్షను క్రింద నేరము. జాతీయ నేర నమోదు సంస్థ వారి వాహన సమన్వయ సేవ ద్వారా బండి దొంగిలింపబడినదో లేదో విచారించుటకు వీలు కలదు. సీ-బుక్కులో అప్పిచ్చిన కంపెనీ పేరున్నచో, బాకీ తీరినదను పత్రమును, 35వ నంబరు ఫారమును చూపనిదే సొమ్మీయరాదు. వాయిదాలు ఎగవేసిన బండిని కొన్నవాని యింటికి కంపెనీ మనుషులు వచ్చినపుడు, అతడు చూపగలిగినది ఏమియు ఉండదు.

బండి వయస్సును గూర్చి ఒక ముఖ్యాంశము కలదు. సొంత వాడుక వాహనమునకు రిజిస్ట్రేషను పదునైదేండ్లు మాత్రమే చెల్లును. తరువాత బండిని మోటారు వాహన తనిఖీ అధికారికి చూపి, ఐదేండ్లకొకసారి పొడిగించుకొనవలెను. టాంకుపై "హీరో హోండా" అను పేరున్న బండ్లు ఊళ్లలో ఇంకను పెక్కు తిరుగుచున్నవి. ఆ రెండు కంపెనీలు విడిపోవు నిర్ణయము 2010 డిసెంబరులో జరిగినది. 2011లో హీరో మోటోకార్ప్ అను పేరు వచ్చినది. కావున పాత పేరుగల బండి పదునైదేండ్ల గడువును దాటినదో, దానికి చేరువలో నున్నదో అయి యుండును. పొడిగింపు రుసుము మోటారు సైకిలునకు 2022 ఏప్రిల్ 1 నుండి 1000 రూపాయలైనది. ఇరువది ఏండ్లు దాటిన వానికి 2025 ఆగస్టులో 2000 రూపాయలు చేసిరి. అంతకంటె భారమైనది ఆలస్యపు రుసుము. ఆలస్యమైన నెల ఒక్కింటికి 300 రూపాయలు. మూడేండ్లు పొడిగింపక వాడిన బండికి ఈ లెక్కన 10,800 రూపాయలగును. ఎనిమిది వేలకు కొన్న బండికి పదివేల పైచిలుకు రుసుమన్నమాట! ఈ సొమ్ము ఎవరు చెల్లింపవలెనో బేరములోనే తేల్చుకొనవలెను.

ఇక ఇంజను. బండిని చూచుటకు ఉదయము వేళ, చెప్పకుండ పోవుట మేలు. ముందుగా ఇంజనుపై చేయి పెట్టి చూడవలెను. వెచ్చగా నున్నచో, మీరు వచ్చుటకు ముందే దానిని నడిపి సిద్ధము చేసినారని అర్థము. చల్లారిన ఇంజను రెండు మూడు కిక్కులలో అందుకొనవలెను. సైలెన్సరు నుండి నీలిరంగు పొగ విడువక వచ్చుచున్నచో ఆయిలు కాలుచున్నదని గ్రహింపవలెను. రింగులో, వాల్వు సీళ్లో అరిగి యుండును, బోరు చేయింపవలసి రావచ్చును. నల్లని పొగ అంత భయపడదగినది కాదు. పెట్రోలు ఎక్కువగా వచ్చుచున్నదనుటకు గుర్తు. చల్లని ఉదయమున మొదట కనబడి కొద్ది సేపటిలో పోవు పలుచని తెల్లని ఆవిరి దోషము కాదు. ఆయిలు కొలత కడ్డీని తీసి చూడవలెను. ఆయిలు పాలు కలిపిన కాఫీ రంగులో నున్నచో నీరు చేరినదనుట.

నీటి మాట వచ్చినది గనుక మన జిల్లాలో దీనిని ప్రత్యేకముగా చెప్పవలసి యున్నది. 2024 సెప్టెంబరు 1వ తేదీన బుడమేరు పొంగి విజయవాడలోని పేటలు మునిగినపుడు వేలకొలది ద్విచక్ర వాహనములు రోజుల తరబడి నీటిలో నుండిపోయినవి. వానిలో చక్కగా బాగుచేయబడినవి కలవు. పైపైన కడిగి అమ్మబడినవియు కలవు. రంగు మెరుగు వరదను దాచును గాని మూలలు దాచవు. సీటు విప్పి దాని అడుగున చూడవలెను. హెడ్‌లైటు గిన్నెలో, మీటరు అద్దము లోపల, సీటు క్రింది వైర్ల గుత్తిలో ఎండిన బురద పొర ఉన్నచో అది వాన నీటి బురద కాదు. వైర్ల కొనలకు పచ్చని తుప్పు పట్టియుండుట మరియొక గుర్తు. 2020 ఏప్రిల్ తరువాత వచ్చిన బండ్లలో పెక్కింటికి పాత కార్బురేటరు లేదు. పెట్రోలును యంత్రము ద్వారా చిమ్ము పద్ధతియు, దానిని నడిపించు ఎలక్ట్రానిక్ పెట్టెయు ఉన్నవి. అట్టి బండి మునిగినచో మరమ్మతు పాత బండి వలె ఊరి మెకానిక్కు చేతిలో తేలునది కాదు.

మన వైపు మోటారు సైకిలు మనిషిని మాత్రమే మోయదు. పాల క్యానులు, ఎరువు బస్తాలు, మిరపకాయ టిక్కీలు, మందు కొట్టు యంత్రము, ఒక్కొక్కపుడు కుటుంబమంతయు దానిపైననే. కావున వెనుక భాగమును శ్రద్ధగా చూడవలెను. క్యారియరు బిగించిన చోట్ల, షాక్ అబ్సార్బరు పట్టిన చోట్ల, హ్యాండిలు మెడ వద్ద చట్రమునకు పగుళ్లు గాని వెల్డింగు అతుకులు గాని ఉన్నవేమో వ్రేలితో తడిమి చూడవలెను. మెడ వద్ద అతుకున్న బండిని ఎంత చవుకైనను కొనరాదు. పెద్ద స్టాండు వేసి వెనుక చక్రమును ప్రక్కలకు ఊపినచో కదలరాదు. ముందు చక్రమును పైకెత్తించి హ్యాండిలును మెల్లగా త్రిప్పినపుడు నడుమ ఎచటనో పట్టుకొనినట్లున్నచో మెడ బేరింగులు అరిగినవి. బండికి ఎదురుగా పది అడుగుల దూరమున నిలిచి రెండు చక్రములు ఒకే వరుసలో నున్నవో లేవో చూచుట అన్నిటికంటె సులభమైన పరీక్ష. చైనును వెనుక పళ్ల చక్రము నుండి లాగినపుడు పన్ను సగము పైకి కనబడినచో చైను సెట్టు మార్పవలసినదే.

టైరు ప్రక్కన నాలుగంకెల గుర్తొకటి ఉండును. 2319 అనగా 2019వ సంవత్సరము 23వ వారమున తయారైనదని అర్థము. చూపునకు గాడులున్నను, ఏండ్లు గడచిన రబ్బరు పగులును. మీటరు తిరిగిన కిలోమీటర్లను నమ్ముటకంటె కాలి రబ్బర్లను, గేరు పెడలును చూచుట మంచిది. ఇరువది వేలు మాత్రమే తిరిగినదను బండికి ఇనుము బయటపడిన పెడలుండదు. టాంకులో తుప్పును టార్చిలైటుతో చూడవలెను. అగ్గిపుల్ల గీచి చూచువారుందురని చెప్పుటకే జంకుగా నున్నది. పెట్రోలులో 20 శాతము ఇథనాలు కలుపుట 2025 నాటికి దేశమంతట అమలునకు వచ్చినది. ఇథనాలు తేమను పీల్చును. కదలక నిలిచియున్న బండి టాంకునకు అది మంచిది కాదు. పాత బండి రబ్బరు గొట్టములును దీనిని దృష్టిలో నుంచుకొని చేసినవి కావు గనుక కొన్న వెంటనే వానిని మార్పించుట మేలు. ఆ ఖర్చు స్వల్పము.

అన్నియు బాగున్నవనుకొందము. సొమ్మిచ్చి, స్టాంపు కాగితముపై వ్రాసికొని, బండి తోలుకొని పోవుటతో పని ముగిసినదని పెక్కుమంది తలంచుచున్నారు. స్టాంపు కాగితము వలన రిజిస్టరులో పేరు మారదు. 29, 30 నంబర్ల ఫారములపై సంతకములు కావలెను. 1988 నాటి మోటారు వాహనముల చట్టము 50వ సెక్షను ప్రకారము, అమ్మినవాడు రాష్ట్రములోపల నైనచో 14 రోజులలోను, పొరుగు రాష్ట్రమునకైనచో 45 రోజులలోను తెలుపవలెను. కొన్నవాడు 30 రోజులలో తెలుపవలెను. ఖాళీ ఫారములపై సంతకము చేయించుకొని, వానితోనే బండిని రెండవవానికి, వాడు మూడవవానికి అమ్ముట చాల చోట్ల జరుగుచున్నది. దీని ఫలితమును 2018 ఫిబ్రవరిలో సుప్రీం కోర్టు స్పష్టము చేసినది. 2007లో అమ్మిన కారొకటి చేతులు మారి 2009లో ప్రమాదము చేయగా, రిజిస్టరులో పేరు మారనందున మొదటి యజమానియే నష్టపరిహారమునకు బాధ్యుడని తీర్పు చెప్పబడినది. బండి ఎచటనున్నదో కూడ ఎరుగని మనిషి పొలము అమ్మి పరిహారము కట్టవలసిన స్థితి ఇది.

ఇన్సూరెన్సు లేకున్నచో ఆ భారమును పంచుకొనువారు ఎవరును లేరు. 2018 సెప్టెంబరు నుండి కొత్త ద్విచక్ర వాహనములకు ఐదేండ్ల థర్డ్ పార్టీ ఇన్సూరెన్సు ముందే కట్టించుచున్నారు గనుక, ఆ గడువు దాటిన బండికి పత్రము చెల్లుచున్నదో లేదో తేదీ చూడనిదే తెలియదు. చెల్లుచున్నచో, 14 రోజులలో దానిని తన పేరునకు మార్చుమని కొన్నవాడు కంపెనీకి దరఖాస్తు చేసికొనవలెను. బండిపై పెండింగు చలానాలున్నచో అవియు బేరమునాడే తీర్పించుకొనవలెను.

సాక్షి సంతకము చేయు సభ్యుడు అమ్మకపు కాగితములో ఇంజను, ఛాసిస్ నంబర్లను, ఇచ్చిన సొమ్మును, పేరు మార్పు ఖర్చు ఎవరిదో ఆ మాటను వ్రాయించవలెను. బండి అప్పగించిన తేదీతోపాటు గంటను కూడ వేయించుట మంచిది. ఆనాటి సాయంకాలమే ప్రమాదము జరిగినచో, బండి ఆ వేళకు ఎవరి చేతిలో నున్నదో తేల్చుటకు అది పనికివచ్చును. కాగితమును రెండు ప్రతులుగా వ్రాయించి, అమ్మినవానికి ఒకటి, కొన్నవానికి ఒకటి ఈయవలెను.