బందీ మన చేతిలోని అమానతు



ఆయుధం పట్టి ఎదుట నిలిచినవాడు శత్రువు. ఆయుధం వీడి, చేతులకు కట్లు పడిన క్షణం నుంచి అతడు మన చేతిలోని అమానతు. అతడి ప్రాణానికీ గౌరవానికీ మనం అల్లాహ్ ఎదుట జవాబుదారులం.

హిజ్రీ 2వ సంవత్సరం రమజాన్ మాసంలో జరిగిన బద్ర్ యుద్ధంలో సుమారు 70 మంది ఖురైషీయులు బందీలయ్యారు. వారితో మంచిగా మెలగమని దైవప్రవక్త (సల్లం) ఆదేశించారు. సహచరులు రొట్టెను బందీలకు పెట్టి, తాము ఖర్జూరాలతో సరిపెట్టుకున్నారు. ఆ బందీలలో ప్రవక్త (సల్లం) పినతండ్రి అబ్బాస్ కూడా ఉన్నారు. కట్ల బిగువుకు ఆయన మూలుగుతుంటే ప్రవక్త (సల్లం)కు నిద్ర పట్టలేదు. అది గమనించి సహచరులు ఆయన కట్లు వదులు చేశారు. సంగతి తెలిసిన ప్రవక్త (సల్లం) బందీలందరి కట్లనూ అలాగే వదులు చేయమన్నారని ఉల్లేఖనాలు తెలుపుతున్నాయి. తన వారికొక నీతి, పరులకొక నీతి లేదన్నమాట.

1949 నాటి జెనీవా ఒప్పందాలలో మూడవది యుద్ధ ఖైదీల కొరకే ఏర్పడింది. నాలుగు ఒప్పందాలకూ ఉమ్మడి అయిన 3వ అధికరణం చిత్రహింసనూ, అవమానకరమైన ప్రవర్తననూ నిషేధిస్తుంది. అయినా అల్‌ఖైదా, తాలిబాన్ బందీలకు ఆ అధికరణం వర్తించదని 2002లో అమెరికా అధ్యక్షుడు నిర్ణయించారు. 2004లో ఇరాక్‌లోని అబూ గరైబ్ చెరసాల చిత్రాలు లోకాన్ని కలచివేశాయి. 2006లో అమెరికా సుప్రీంకోర్టే, అల్‌ఖైదాతో పోరులో పట్టుబడిన బందీకి సైతం ఆ అధికరణం వర్తిస్తుందని తీర్పు చెప్పింది.

ఆ చిత్రాలను చూసి మనం కన్నీరు పెట్టాం. అది న్యాయమే. కాని 2015లో, ఇస్లాం పేరు చెప్పుకునే ఐసిస్ ముఠా తన చేత చిక్కిన జోర్డాన్ పైలట్‌ను బోనులో ఉంచి సజీవంగా దహనం చేసినప్పుడు మన స్వరం అంతే గట్టిగా వినిపించిందా? అగ్నితో శిక్షించడాన్ని ప్రవక్త (సల్లం) స్పష్టంగా వారించారు కదా! ‘వారు మనవారు కారు’ అని మనలో ఎందరం తప్పుకున్నాం?

సోదరులారా! ఏ జాతిపైనైనా గల ద్వేషం మనల్ని న్యాయానికి దూరం చేయరాదన్నది ‘అల్‌మాయిదా’ సూరా బోధ. పీడితుడు మనవాడైనప్పుడు న్యాయం కోరడం సులభం. పీడించేవాడు మన పేరు పెట్టుకున్నప్పుడు కూడా కోరడమే విశ్వాసానికి పరీక్ష.

అన్యాయంగా బంధితులైన వారందరికీ అల్లాహ్ విముక్తి ప్రసాదించుగాక! మన నాలుకలకు న్యాయాన్ని అలవరచుగాక! ఆమీన్.