బండి ఇంజన్ ఆయిల్‌లో పెట్రోల్ కలిసిందా? ఇంటి దగ్గరే గుర్తించండి

పాలకేంద్రానికి, ఎరువుల దుకాణానికి, మార్కెట్‌కి, పొలానికి... సన్నకారు రైతుకు రోజంతా ఆధారం మోటారు సైకిలే. ఇంజన్‌లో ఆయిల్ తగ్గితే ప్రమాదమని అందరికీ తెలుసు. పోయకుండానే ఆయిల్ పెరిగితే ఇంకా ప్రమాదమని చాలామందికి తెలియదు. "మా బండి చుక్క ఆయిల్ కూడా తాగదు" అని సంతోషపడే ముందు ఒకసారి గేజి పుల్ల తీసి చూడండి. తగ్గిన ఆయిల్ స్థానంలో పెట్రోల్ చేరినా మట్టం సరిగ్గానే కనిపిస్తుంది.

పెట్రోల్ ఎలా చేరుతుంది?

2020 ఏప్రిల్‌లో బీఎస్-6 నిబంధనలు రాకముందు కొన్న 100, 125 సీసీ బళ్ళలో చాలావరకు కార్బురేటర్ ఉంటుంది. ట్యాంకు నుంచి దిగిన పెట్రోల్ అందులోని చిన్న గిన్నెలో నిలుస్తుంది. గిన్నె నిండగానే ఫ్లోట్ పైకి లేచి, దానికున్న సూది పెట్రోల్ దారిని మూసేస్తుంది. నీళ్ళ ట్యాంకులో బాల్ వాల్వు పనిచేసినట్లే. సూది అరిగినా, దాని కింద నలక చిక్కినా దారి సరిగా మూసుకోదు.

అప్పుడు రాత్రంతా పెట్రోల్ కాక్ తెరిచి ఉంటే గిన్నె పొంగుతుంది. కొంత పెట్రోల్ ఓవర్‌ఫ్లో పైపు నుంచి నేల మీద కారుతుంది. ఆ పైపు మట్టితో పూడిపోతే పెట్రోల్ ఇంజన్‌లోకి దిగి, పిస్టన్ రింగుల సందుల్లోంచి జారి ఆయిల్‌లో కలుస్తుంది.

చోక్ లాగి మరిచిపోయినా, ఎయిర్ ఫిల్టర్ దుమ్ముతో మూసుకుపోయినా కొద్దికొద్దిగా కలుస్తుంది. ఎప్పుడూ కిలోమీటరు దూరం నడిపి ఆపేసే బండిలో ఇంజన్ బాగా వేడెక్కదు కాబట్టి కలిసిన పెట్రోల్ ఆవిరై పోదు. కొత్త ఇంజెక్షన్ బళ్ళలో ఇంజెక్టర్ కారితే ఇదే సమస్య వస్తుంది.

ఇలా పరీక్షించండి

ఉదయం కిక్ కొట్టకముందే చూడాలి. దగ్గర్లో బీడీ, అగ్గిపుల్ల వెలిగించకూడదు.

1. మట్టం: చదునైన చోట బండికి సెంటర్ స్టాండ్ వేయండి. గేజి పుల్ల తీసి, తుడిచి, మళ్ళీ పెట్టి చూడండి. చాలా బళ్ళలో మరలు బిగించకుండా ఊరికే ఆనించి చూడాలి. మీ బండి పుస్తకంలో ఎలా ఉందో అలాగే చేయండి. ఆయిల్ పై గీత దాటిందా? ఆయిల్ మార్చిన రోజున మట్టం ఎక్కడుందో రాసి పెట్టుకుంటే తేడా వెంటనే తెలుస్తుంది.

2. వాసన: పుల్లను ముక్కుకు కొంచెం దూరంగా పట్టుకోండి. పెట్రోల్ వాసన ఘాటుగా వస్తే అనుమానించాలి.

3. చిక్కదనం: ఒక చుక్కను వేళ్ళ మధ్య రుద్ది, అదే రకం కొత్త ఆయిల్‌తో పోల్చండి. నీళ్ళలా పలుచగా జారిపోతే అనుమానం బలపడుతుంది.

4. కాగితం: తెల్ల కాగితంపై రెండింటినీ ఒక్కో చుక్క వేసి కాసేపు ఆగండి. పెట్రోల్ కలిసిన చుక్క త్వరగా పాకి, చుట్టూ వెడల్పాటి లేత వలయం ఏర్పడుతుంది. ఈ ఒక్క గుర్తుతోనే నిర్ణయానికి రావద్దు.

పొరపాటు పడకండి

ఆయిల్ నల్లగా ఉన్నంత మాత్రాన పెట్రోల్ కలిసినట్లు కాదు. వాడిన ఆయిల్ నల్లబడటం సహజం. పాలు కలిపిన టీ రంగులోకి మారితే కలిసింది నీరు. వాగు దాటినప్పుడు, వరదలో బండి మునిగినప్పుడు ఇలా జరుగుతుంది. మట్టం ఎక్కువగా ఉన్నా వాసన, పలుచదనం లేకపోతే మెకానిక్ ఎక్కువ పోసి ఉండవచ్చు.

కలిసిందని తేలితే

బండి స్టార్ట్ చేయకండి. కాక్ మూసేసి, మెకానిక్‌ను పిలవండి, లేదా బండిని తోసుకెళ్ళండి. ముందు సూది, ఫ్లోట్, కాక్ బాగు చేయించి, ఆ తర్వాతే ఆయిల్ మార్పించాలి. కారణం సరిచేయకుండా ఆయిల్ ఒక్కటే మారిస్తే కొత్త ఆయిల్ కూడా పాడవుతుంది.

పలుచబడిన ఆయిల్ ఇనుప భాగాల మధ్య పొరగా నిలవదు. బోరు, రింగులు, క్యామ్ అరుగుతాయి. 100 సీసీ బండికి పట్టే ఆయిల్ సుమారు ఒక లీటరే. దాన్ని మార్చడం వందల్లో పోయే పని. ఆలస్యం చేస్తే బోరు పనికి వేలల్లో అవుతుంది.

మట్టం పెరగకుండా వాసన మాత్రం స్వల్పంగా ఉంటే బండిని అరగంట పాటు ఆగకుండా నడపండి. వారం తర్వాత మళ్ళీ చూడండి. వాసన అలాగే ఉంటే మెకానిక్‌కు చూపించండి.

రోజూ పాటించాల్సినవి

రాత్రి బండి పెట్టగానే కాక్ మూసేయండి. ఫోర్ స్ట్రోక్ పవర్ వీడర్, పెట్రోల్ పంపుసెట్‌కు కూడా ఇదే వర్తిస్తుంది. ట్రాలీలో వేసి తీసుకెళ్ళేటప్పుడు కాక్ తెరిచి ఉంటే కుదుపులకు ఫ్లోట్ కదిలి పెట్రోల్ పొంగుతుంది. పెట్రోల్‌లోనే ఆయిల్ కలిపి వాడే టూ స్ట్రోక్ స్ప్రేయర్లకు ఈ పరీక్ష అవసరం లేదు.

తీసేసిన ఆయిల్‌కు నిప్పు సులభంగా అంటుకుంటుంది. పొలంలో, కాలువలో పారబోయకండి. మూత ఉన్న డబ్బాలో పోసి మెకానిక్ షెడ్డులో ఇచ్చేయండి.